కంప్యూటరు లోకం: అంకె ఎక్కడ మారినది?

నెలాఖరున జీతపు చీటీ చేతికి రాగానే ఉద్యోగి మొదట చూచేది అడుగున ఉన్న నికర మొత్తాన్ని. అందులో ఒక్క అంకె తప్పినా ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. కాని అంకె తప్పినదని తెలియడం వేరు, అది ఎక్కడ తప్పినదో తెలియడం వేరు. మూలవేతనం, కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం, భవిష్యనిధి కోత, ఆదాయపు పన్ను కోత, ఇన్ని మెట్లు దిగి వచ్చిన సంఖ్య అది. ఏ మెట్టు మీద జారినదో కనుగొనడానికి ప్రోగ్రాములు వ్రాసేవారు వాడే పనిముట్టు పేరు డీబగ్గరు. ఈ సంచికలో ఆ పనిముట్టును గురించి, ముఖ్యంగా దాని వేగాన్ని గురించి ముచ్చటించుకుందాము. నిదానంగానైనా తప్పు దొరికితే చాలదా, వేగంతో పని ఏమిటి అని పాఠకులు అడగవచ్చును. చాలదు. ఎందుకు చాలదో వ్యాసం చివరి భాగంలో మనవి చేస్తాను.

తప్పులు వెతకడం కంప్యూటరుతో పాటే పుట్టినది. 1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే కంప్యూటరు పని చేయనారంభించినది. దానిని నిర్మించిన మారిస్ విల్క్స్, తన శేషజీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాములలోని తప్పులను వెతకడంలోనే గడచిపోనున్నదని ఆ రోజులలోనే ఒకనాడు మెట్లెక్కుతుండగా తనకు స్ఫురించినదని తరువాత జ్ఞాపకం చేసుకున్నారు. ప్రోగ్రాములు వ్రాసిన వారందరికీ ఏదో ఒకనాడు ఆ స్ఫురణ కలుగక తప్పదు.

పిలుపుల దొంతర

పెద్ద ప్రోగ్రామును ఎవరూ ఒకే ముక్కగా వ్రాయరు. చిన్న చిన్న ఫంక్షనులుగా విభజిస్తారు. ఒక ఫంక్షను తన పనిలో కొంత భాగాన్ని మరొక ఫంక్షనుకు అప్పగించి, జవాబు వచ్చేవరకు వేచి ఉంటుంది. ఆ రెండవది మూడవదానిని పిలుస్తుంది. ఈ విధంగా పిలుపులు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి.

దీనిని మనకు తెలిసిన త్రోవలో పెట్టి చూద్దాము. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, పూర్వపు బస్తర్ భూభాగంలో, 2012లో ఏర్పడిన సుకుమా జిల్లాలో కిష్టారం అనే గ్రామం ఉన్నది. తెలంగాణ సరిహద్దుకు సమీపంలోని ఆ అడవి గ్రామానికి పంపవలసిన సామాగ్రి లెక్క ఒకటి ఉన్నదని ఊహించండి. హైదరాబాదు కార్యాలయం ఆ పనిని భద్రాచలానికి అప్పగించినది. భద్రాచలం మరాయిగూడేనికి, మరాయిగూడెం గొల్లపల్లికి, గొల్లపల్లి కిష్టారానికి అప్పగించాయి. ప్రతి మజిలీ గుమాస్తా తన దగ్గర ఒక చీటీ ఉంచుకున్నాడు. అందులో తన లెక్క ఎంతవరకు వచ్చినది, పని పూర్తి కాగానే ఎవరికి జవాబు చెప్పవలెను అనే రెండు విషయాలు ఉన్నాయి. కిష్టారంలో పని ముగిస్తేనే గొల్లపల్లి కదులుతుంది. గొల్లపల్లి ముగిస్తేనే మరాయిగూడెం కదులుతుంది. చివర పుట్టిన చీటీ ముందు చిరుగుతుంది. ఇంట్లో కుండల దొంతరలో చివర పెట్టిన కుండనే ముందుగా తీస్తాము గదా, అదే పద్ధతి. ప్రోగ్రాముల భాషలో ఈ దొంతరను స్టాకు అనీ, ఒక్కొక్క చీటీని ఫ్రేము అనీ అంటారు.

పిలుపు పంపి తిరిగి వచ్చే ఉపాయాన్ని ఎడ్సాక్ కొరకు డేవిడ్ వీలర్ రూపొందించారు. దొంతర పద్ధతికి జర్మనీ శాస్త్రజ్ఞులు బావర్, సామెల్సన్ 1957లో పేటెంటు కోరారు. ఒక ఫంక్షను తనను తానే మరల మరల పిలుచుకోవడానికి ఈ దొంతర ఎట్లు ఉపకరించునో 1960లో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా స్పష్టంగా వివరించారు. నేటి కంప్యూటర్లన్నీ ఆ బాటలోనే నడుస్తున్నాయి.

ఇప్పుడు చిక్కు చూడండి. భద్రాచలం గుమాస్తా తన చీటీలోని మొత్తం ఏ చోట ఉన్నదో ఆ చిరునామాను క్రిందివారికి అందజేశాడు. ఆ చిరునామా చేతులు మారుతూ కిష్టారం చేరినది. అక్కడ ఎవరో ఆ చిరునామా పట్టుకొని భద్రాచలం చీటీలోని అంకెను దిద్దారు. పని అంతా ముగిసిన తరువాత తప్పు బయటపడినది హైదరాబాదులో. నష్టం జరిగినది భద్రాచలం చీటీకి, చేసినది కిష్టారం చేయి, కనుగొన్నది హైదరాబాదు కన్ను. అప్పటికి కిష్టారం చీటీ చిరిగిపోయి చాలా సేపయినది. సాక్ష్యం లేదు. లోతైన పిలుపుల దొంతరలో చలరాశిని వెంబడించడం ఇందువలననే కష్టమైన పని.

అడుగడుగునా ఆపే కాపలాదారు

చలరాశి ఎప్పుడు మారినదో తెలుసుకోవడానికి డీబగ్గరుకు అన్నింటికంటె తేలికగా తోచే మార్గం ఇది: ప్రోగ్రాము చేత ఒకే ఒక ఆదేశం అమలు చేయించి, ఆపి, చలరాశిని చూచి, మారలేదని నిర్ధారించుకొని, మరొక ఆదేశం అమలు చేయించడం. కిష్టారం గుమాస్తా కలంతో ఒక్క గీత గీయగానే అందరినీ ఆపి, భద్రాచలం వెళ్ళి చీటీ చూచి, తిరిగి వచ్చి, రెండవ గీతకు అనుమతి ఇచ్చే కాపలాదారు వంటిది ఈ పద్ధతి. తప్పు తప్పక దొరుకుతుంది. దొరికేనాటికి మనకు ఓపిక మిగలదు.

కారణం స్పష్టమే. ప్రతి ఆగుదలకు అదుపు ప్రోగ్రాము నుండి ఆపరేటింగు సిస్టముకు, అక్కడి నుండి డీబగ్గరుకు, మరల అదే దారిలో వెనుకకు రావలెను. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన జిడిబి అనే డీబగ్గరు నేటికీ విస్తారంగా వాడుకలో ఉన్నది. ఈ విధమైన కాపలా వలన ప్రోగ్రాము వందల రెట్లు మందగిస్తుందని దాని కరదీపికలోనే హెచ్చరిక ఉన్నది.

చిన్న లెక్క వేసి చూద్దాము. ఒక ఆదేశానికి ఒక నానో సెకను పడుతుందనుకుంటే 100 కోట్ల ఆదేశాలు 1 సెకనులో ముగుస్తాయి. ప్రతి ఆగుదలకు 5 మైక్రో సెకనులు పడితే అదే పనికి 5,000 సెకనులు, అనగా 1 గంట 23 నిమిషాలు పడుతుంది. ఇంతటితో ఆగలేదు. వెంబడించే చలరాశి ఒక ఫ్రేముకు చెందినది కాబట్టి, ఆ ఫ్రేము ఇంకా సజీవంగా ఉన్నదా అని ప్రతి ఆగుదలలో తేల్చుకోవలెనంటే దొంతరను పై నుండి క్రిందికి నడవవలెను. దొంతరలో 200 ఫ్రేములు ఉండి, ఒక్కొక్క ఫ్రేమును దాటడానికి 1 మైక్రో సెకను పడినా ఒక ఆగుదల ఖర్చు 205 మైక్రో సెకనులకు పెరుగుతుంది. అప్పుడు 100 కోట్ల ఆదేశాలకు 2,05,000 సెకనులు, అనగా సుమారు 2 రోజుల 9 గంటలు. ఇవి లెక్క కొరకు అనుకున్న అంకెలే. అయినను లోతు పెరిగిన కొలది ఖర్చు ఎట్లు హెచ్చునో ఇవి చూపగలవు.

చీటీకి కట్టిన గంట

ఈ కష్టానికి మొదటి ఔషధం యంత్రంలోనే ఉన్నది. 1985లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 80386 ప్రాసెసరులో నాలుగు ప్రత్యేక రిజిస్టరులు ఏర్పాటు చేశారు. వాటిలో ఒక మెమరీ చిరునామా వ్రాసి పెడితే, ఆ చిరునామాలో ఎవరు వ్రాసినా ప్రాసెసరు తానే ఆగి కబురు చెబుతుంది. అంతవరకు ప్రోగ్రాము పూర్తి వేగంతో నడుస్తుంది. కాపలాదారుని తొలగించి చీటీకే గంట కట్టినట్లు అన్నమాట. భద్రాచలం చీటీ మీద కలం ఆనగానే గంట మ్రోగుతుంది. కలం పట్టిన చేయి కిష్టారంలో ఇంకా ఉండగానే పట్టుబడుతుంది. ఆ క్షణంలో దొంతరను చూస్తే పిలుపుల వరుస అంతా కళ్ళ ఎదుట ఉంటుంది.

అయితే గంటలు నాలుగే. ఒక్కొక్కటి కావలి కాయగలిగినది 80386లో గరిష్ఠంగా 4 బైట్లు, ఆ తరువాత వచ్చిన 64 బిట్ల ప్రాసెసరులలో 8 బైట్లు. పెద్ద పట్టిక మొత్తానికి గంట కట్టలేము. అంతకు మించి అడిగితే డీబగ్గరు మరల కాపలాదారునే పంపుతుంది. జిడిబి వాడేవారు ఇక్కడ ఒక సూచన గుర్తుంచుకోవలెను. కాపలా పెట్టగానే అది ఇచ్చే జవాబులో హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్ అని ఉంటే గంట కట్టినట్లు. ఉత్త వాచ్‌పాయింట్ అని మాత్రమే ఉంటే కాపలాదారు బయలుదేరినట్లు. ఆ ఒక్క మాట చదివితే గంటల కొలది కాలం ఆదా కాగలదు.

రెండవ సూచన: చలరాశి పేరుకు కాక, దాని చిరునామాకు గంట కట్టవలెను. ఒక ఫంక్షను తనను తానే పిలుచుకున్నపుడు మొత్తం అనే ఒకే పేరుతో దొంతరలో 200 చలరాశులు ఉండవచ్చును. పేరు చెబితే ఏ మొత్తమో తేలదు గనుక డీబగ్గరు దానిని ఒక ఫ్రేముతో ముడివేస్తుంది. ఆ ఫ్రేము ముగిసినపుడు తెలియడానికి, పిలిచినవారి వద్దకు తిరిగి వచ్చే చోట మరొక ఆగుదలను రహస్యంగా అమర్చుతుంది. తనను తానే పిలుచుకునే ఫంక్షనులో ఆ తిరుగుచోటు అన్ని అంతస్తులకూ ఒకటే కావచ్చును. అప్పుడు లోపలి ప్రతి అంతస్తు ముగిసినప్పుడల్లా ప్రోగ్రాము ఆగి, ఇది నా ఫ్రేమేనా అని డీబగ్గరు విచారించుకోవలసి వస్తుంది. చిరునామాకే కాపలా పెడితే ఈ విచారణలు ఉండవు. కాని ఒక జాగ్రత్త అవసరం. ఆ ఫ్రేము ముగిసిన పిదప అదే స్థలాన్ని మరొక ఫంక్షను వాడుకుంటుంది. అప్పుడు మ్రోగే గంట మన గంట కాదు. పని ముగియగానే గంట విప్పవలెను.

మూడవది, చలరాశికి చిరునామా ఉండవలెను గదా. కంపైలరు ప్రోగ్రామును గట్టిగా మెరుగుపరచినపుడు చాలా చలరాశులు మెమరీలో కాక రిజిస్టరులలో నివసిస్తాయి. రిజిస్టరుకు ఈ గంట కట్టలేము. అందువలన పరీక్ష కొరకు మెరుగుదల లేకుండానో, లేక 2013లో జిసిసి 4.8తో వచ్చిన, డీబగ్గరుకు అనువైన మెరుగుదలతోనో ప్రోగ్రామును తయారు చేయడం మంచిది.

దొంతరను త్వరగా నడవడం

దొంతరను నడవడంలో రెండు పద్ధతులు ఉన్నాయి. ప్రతి చీటీ మీద ముందటి చీటీ ఎక్కడ ఉన్నదో వ్రాసి ఉంటే, ఒకదాని నుండి మరొకదానికి తిన్నగా పోవచ్చును. దీనిని ఫ్రేము పాయింటరు అంటారు. ఒక రిజిస్టరు మిగులుతుందని కంపైలర్లు చాలా కాలం దీనిని వదిలివేశాయి. అప్పుడు ప్రతి మజిలీలోనూ ఒక పెద్ద రిజిస్టరు పుస్తకం తెరచి, ఈ స్థానంలో ఉంటే ముందటి మజిలీ ఎక్కడ అని వెతకవలెను. లోతు హెచ్చిన కొలది పుస్తకం తిరగవేయడానికే కాలం పడుతుంది. పనితీరు పరిశీలనకు కలిగిన ఇబ్బందిని గుర్తించి 2023లో ఫెడోరా 38, 2024లో ఉబుంటు 24.04 తమ ప్యాకేజీలలో ఫ్రేము పాయింటరును తిరిగి ప్రవేశపెట్టాయి. కొద్దిపాటి వేగం వదులుకొని చూపును కొనుక్కోవడం మంచి బేరమేనని ఆ నిర్ణయాల సారాంశం.

వాడేవారి చేతిలో ఉన్న ఉపాయాలు మరికొన్ని కలవు. దొంతరలో పైనున్న పది ఇరవై ఫ్రేములతో పని జరిగేటపుడు 200 ఫ్రేములూ చూపమని అడగనవసరం లేదు. హద్దు విధించే వీలు డీబగ్గరులో ఉన్నది. తెర మీద చలరాశుల కిటికీ తెరచి ఉంచితే, ప్రతి ఆగుదలకు అందులోని ప్రతి విలువనూ డీబగ్గరు తిరిగి చదువుతుంది. వేయి పద్దుల పట్టిక అందులో ఉంటే వేయి పద్దులూ చదువుతుంది. అవసరం లేనపుడు ఆ కిటికీ మూయవలెను. ఇక షరతుతో కూడిన ఆగుదల ఉన్నది. వేతనం సున్నా కంటె తక్కువైనపుడు మాత్రమే ఆగుము అని చెప్పినపుడు ప్రోగ్రాము నిజానికి ప్రతిసారీ ఆగుతుంది, షరతు నెరవేరలేదని తెలిసి మరల బయలుదేరుతుంది. పదిలక్షల సార్లు నడిచే చోట ఇటువంటి షరతు పెట్టుట కంటె, ఆ పరీక్షను ప్రోగ్రాములోనే రెండు పంక్తులుగా వ్రాసి తిరిగి తయారు చేయుట ఎంతో వేగవంతం.

ఇదే ఆలోచనను పరిశోధకులు ముందుకు తీసుకొనిపోయారు. మెమరీలో వ్రాసే ప్రతి చోటా చిన్న పరీక్షను కంపైలరు చేతనే చొప్పించే పద్ధతిని 1992, 1993 సంవత్సరాలలో రాబర్ట్ వాబ్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. 2012లో గూగుల్ ఇంజనీర్లు ప్రకటించిన అడ్రెస్ శానిటైజరు వేరొక ప్రయోజనం కొరకు, అనగా మెమరీ హద్దులు దాటడాన్ని పట్టుకొనుట కొరకు, ఇటువంటి చొప్పింపునే వాడుతున్నది. మందగింపు వందల రెట్లు కాదు, సుమారు రెండు రెట్లు.

అన్నింటికంటె ముచ్చటైన మార్గం కాలంలో వెనుకకు నడవడం. మోజిల్లా సంస్థలో రూపొంది 2014లో వెలువడిన ఆర్‌ఆర్ అనే పనిముట్టు ప్రోగ్రాము నడకను ఒకసారి నమోదు చేసుకొని, ఆ నడకనే తు.చ. తప్పక ఎన్నిసార్లయినా తిరిగి నడిపిస్తుంది. హైదరాబాదులో తప్పు అంకె కనబడిన చోట నిలబడి, ఆ చిరునామాకు గంట కట్టి, వెనుకకు నడవమంటే చాలును. చివరిసారిగా అందులో వ్రాసిన చేయి వద్ద ఆగుతుంది. చిరిగిపోయిన కిష్టారం చీటీ మరల అతుక్కొని కనబడుతుంది. సాక్ష్యం పోయినదన్న చింత అక్కరలేదు.

వేగం ఎందుకు?

ఇక మొదట వాయిదా వేసిన ప్రశ్నకు వద్దాము. నిదానంగా వెతికితే ఏమి పోయినది? కాలం పోవడం ఒక్కటే కాదు. తప్పే మాయమయ్యే ప్రమాదం ఉన్నది. కొన్ని తప్పులు రెండు పనుల వేగాల మధ్య పొంతన మీద ఆధారపడి ఉంటాయి. డీబగ్గరు ఒకదానిని వందల రెట్లు మందగింపజేస్తే ఆ పొంతన చెడి, తప్పు కనబడకుండా పోతుంది. డీబగ్గరు తీసివేయగానే మరల ప్రత్యక్షమవుతుంది.

దీని గంభీరతకు థెరాక్-25 ఉదంతం చాలును. కెనడా ప్రభుత్వ రంగ సంస్థ ఎ.ఇ.సి.ఎల్. తయారుచేసిన ఈ కేన్సరు చికిత్సా యంత్రాన్ని పి.డి.పి-11 కంప్యూటరు నడిపేది. 1985 జూన్ నుండి 1987 జనవరి వరకు ఆరు సందర్భాలలో రోగులకు మితిమీరిన రేడియేషను తగిలినది. వారిలో కొందరు మరణించారు. 1986లో టెక్సాస్ రాష్ట్రం టైలర్ పట్టణంలో రెండు ప్రమాదాలు జరిగినపుడు మొదట ఆ తప్పును తిరిగి రప్పించడం తయారీదారుల వలన కాలేదు. ఆసుపత్రి భౌతిక శాస్త్రజ్ఞుడు ఆపరేటరుతో కలిసి కూర్చొని పదే పదే ప్రయత్నించి రహస్యం కనుగొన్నారు. వివరాలను తెర మీద వేగంగా, 8 సెకనులలోపు దిద్దినపుడే ఆ తప్పు వచ్చేది. నెమ్మదిగా టైపు చేసినవారికి యంత్రం నిర్దోషిగా కనబడినది.

1987 జనవరిలో యాకిమాలో జరిగిన ప్రమాదానికి కారణం ఒకే ఒక చలరాశి. దాని పేరు క్లాస్ 3. దాని విలువ సున్నా కాకుంటే భద్రతా తనిఖీ జరపవలెనని నియమం. సున్నా కాని విలువ ఇచ్చుటకు బదులు ప్రతిసారీ దానికి ఒకటి కలుపుతూ పోయారు. అది ఒక బైటు మాత్రమే గనుక 255 తరువాత ఒకటి కలిపితే సున్నా అవుతుంది. అనగా ప్రతి 256వ సారి తనిఖీ తప్పిపోయేది. సరిగా ఆ క్షణంలో ఆపరేటరు మీట నొక్కితే ప్రమాదం. తరువాత చేసిన దిద్దుబాటు అతి చిన్నది: కలపడం మాని, స్థిరమైన ఒక విలువ ఇచ్చారు. పాత నమూనాలలోని యాంత్రిక రక్షణలను తొలగించి ప్రోగ్రామునే నమ్ముకొనుట అంతకంటె పెద్ద దోషమని 1993లో నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ తమ విచారణలో తేల్చి చెప్పారు. పనిముట్టు ఎంత చురుకైనదైనా రూపకల్పనలోని అజాగ్రత్తను పూరించలేదు. కాని తప్పు ఎక్కడున్నదో తేలనంత కాలం, ఇది యంత్రం తప్పు కాదు అనే మాట ఎంత సులభంగా వస్తుందో ఆ రెండేళ్ళూ చూపినవి.

మన గనులలో కన్వేయరు బెల్టును ఆపే ప్రోగ్రామైనా, తూకం లెక్క వ్రాసే ప్రోగ్రామైనా, భవిష్యనిధి వడ్డీ కట్టే ప్రోగ్రామైనా ఇదే న్యాయం వర్తిస్తుంది. అంకె తప్పినదని కార్మికుడు చెప్పినపుడు మా ప్రోగ్రాము సరిగానే ఉన్నది అనుట జవాబు కాదు. చూపించగలగడమే జవాబు. అందుకు ఒక చిన్న అలవాటు ఎంతో తోడ్పడుతుంది. ప్రోగ్రామును వాడకానికి విడుదల చేసిన ప్రతిసారీ దాని మూలప్రతిని, ఏ చలరాశి ఎక్కడ ఉన్నదో తెలిపే డీబగ్గు సమాచారపు ఫైలును ఒకే సంఖ్య వేసి కలిపి భద్రపరచవలెను. ఆ ఫైలు లేనినాడు ఎన్ని గంటలు ఉన్నా ఏ చీటీకి కట్టవలెనో తెలియదు.

ఇంట్లో ప్రోగ్రాములు నేర్చుకుంటున్న పిల్లలు ఉంటే వారికి నాదొక విన్నపం. తప్పు వచ్చినపుడు ఊహతో నాలుగు చోట్ల దిద్దకండి. ఒక చిరునామాకు గంట కట్టి, అది మ్రోగేవరకు వేచి ఉండండి. మ్రోగినపుడు దొంతరను పై నుండి క్రిందివరకు ఒక్కసారి చదవండి. ఎవరు ఎవరిని పిలిచారో, ఏ చిరునామా ఎవరి చేతికి ఎట్లు వచ్చినదో అందులో వరుసగా వ్రాసి ఉంటుంది.